జొన్నకూడు, ఎండ, చర్మము: పెల్లగ్రా వ్యాధి చరిత్ర

కదిరికి, పుట్టపర్తికి నడుమనున్న నల్లమాడ ప్రాంతము వానకు పేద, ఎండకు సంపన్నము. నైరృతి ఋతుపవనములలోని తేమను పడమటి కనుమలు ముందే గ్రహించుటచేత, ఉమ్మడి అనంతపురము జిల్లాలో ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. 2022 ఏప్రిలులో నల్లమాడ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా మారినను నేల మారలేదు, వాన మారలేదు. ఇట్టిచోట తరతరములుగా మనుష్యులను పోషించినవి మెట్టపంటలు: జొన్న, రాగి, కొర్ర, సజ్జ, ఉలవ, కంది. తరువాత కాలములో వేరుసెనగ వీనిలో చాలవానిని ప్రక్కకు నెట్టినది. పొలములో పనిచేయువాని మెడ, ముంజేతులు, పాదములు నల్లబడుట ఇక్కడ ఎవరికిని వింత కాదు. ఎండను తట్టుకొనుటకు చర్మము తనకు తానుగా చేసికొను ఏర్పాటు అది.

కాని ఎండ తగిలినచోట చర్మము నల్లబడుటతో ఆగక, కాలినట్లు ఎర్రనై, మంటపుట్టి, క్రమముగా మందమై, పగిలి, పొరలుగా ఊడిపోవు వ్యాధి ఒకటి కలదు. దాని పేరు పెల్లగ్రా. చూచుటకు ఇది చర్మవ్యాధి. ఎండ దానిని బయటపెట్టును. అయినను దాని మూలము ఎండలోను లేదు, చర్మములోను లేదు. అన్నము తిను కంచములో ఉన్నది. ఈ చిన్న సత్యము నిలుచుటకు వైద్యశాస్త్రమునకు సుమారు 200 సంవత్సరములు పట్టినది. ఆ చరిత్రలోని ఒక ముఖ్యఘట్టము హైదరాబాదులో, జొన్న తినువారిని గూర్చి జరిగిన పరిశోధనలలో నడచినది. చిరుధాన్యములను మరల ఆదరింపుడని ప్రభుత్వములు, వైద్యులు చెప్పుచున్న ఈ దినములలో మెట్టప్రాంతములవారు ఆ చరిత్రను తెలిసికొనుట అవసరము.

వ్యాధి లక్షణములు

పెల్లగ్రా ముఖ్యముగా మూడు తావులను పట్టును: చర్మము, జీర్ణకోశము, మనస్సు. చర్మముపై వచ్చు మచ్చలకు రెండు ప్రత్యేకతలు కలవు. మొదటిది, అవి శరీరమునకు రెండువైపుల సమానముగా వచ్చును. కుడిచేతి వెనుకభాగమున వచ్చినచో ఎడమచేతిపైన కూడ వచ్చును. రెండవది, బట్ట కప్పినచోటికి, కప్పనిచోటికి నడుమ గీత గీసినట్లు అవి నిలిచిపోవును. మెడచుట్టును హారమువలె ఏర్పడు పట్టీని వైద్యులు 'కాసాలు హారము' అందురు. నాలుక ఎర్రబడి పూయును, విరేచనములు పట్టుకొనును. కొందరికి నిద్రపట్టదు, చీకాకు, దిగులు, మతిమరుపు కలిగి తుదకు మతి చలించును. చికిత్స లేనిచో మరణమే.

ఒకే వ్యాధి చేతిమీది చర్మమును, కడుపును, బుద్ధిని పట్టి పీడించుట పూర్వవైద్యులకు పెద్ద చిక్కు అయినది. అంటువ్యాధి యని కొందరు, వంశపారంపర్యమని కొందరు, విషమని కొందరు తలచినారు. ప్రతి ఊహకును కొంత ఆధారము దొరకెడిది. ఎందుకనగా వ్యాధి ఒకే ఇంటిలో పలువురికి వచ్చెడిది, తల్లికిని బిడ్డకును వచ్చెడిది, ఏటేట ఒకే ఋతువులో తిరిగివచ్చెడిది.

స్పెయినులో గులాబి రోగము

ఈ వ్యాధిని మొట్టమొదట శాస్త్రీయముగా వర్ణించినవాడు గాస్పర్ కాసాలు అను స్పానిషు వైద్యుడు. స్పెయిను ఉత్తరభాగమున అస్తూరియాసు ప్రాంతములో పేదరైతులకు వచ్చుచున్న ఈ రోగమును 1735లో ఆయన పరిశీలించినాడు. చర్మముపైని ఎర్రదనమును బట్టి అక్కడి జనులు దానిని గులాబి రోగమనెడివారు. ఈ రోగుల ముఖ్యాహారము మొక్కజొన్న యనియు, మాంసము వారికి అరుదుగా దొరకుననియు కాసాలు గుర్తించి, పాలు, జున్ను మొదలగు మంచి ఆహారము పెట్టినచో మేలు కలుగునని చెప్పినాడు. ఆయన గ్రంథము ఆయన మరణించిన తరువాత 1762లో అచ్చయినది. ఇటలీలో ఫ్రాంచెస్కో ఫ్రాపోలి అను వైద్యుడు 1771లో ఈ రోగమును వర్ణించి, అక్కడి రైతుల వాడుకమాటయైన పెల్లగ్రాను గ్రంథస్థము చేసినాడు. గరుకు చర్మమని దాని అర్థము.

మొక్కజొన్న యూరపు పంట కాదు. 1492లో కొలంబసు అమెరికా చేరిన తరువాత అక్కడినుండి వచ్చినది. తక్కువ నేలలో ఎక్కువ పండుటచేత అది పేదల పాలిటి పంట అయినది. ఉత్తర ఇటలీ రైతు గోధుమను భూస్వామికి కొలిచి, తాను మొక్కజొన్నపిండి సంకటి తిని బ్రతికెడివాడు. పెల్లగ్రా ఆ సంకటి వెంటనే నడచినది.

ఇక్కడ ఒక వింత ఉన్నది. మొక్కజొన్నకు పుట్టినిల్లయిన మెక్సికోలో వేల ఏండ్లుగా జనులు దానినే తినుచున్నను ఈ రోగము అక్కడ అరుదు. దానికి కారణము వారి వంటపద్ధతిలో ఉన్నది. వారు గింజలను సున్నపునీటిలో ఉడికించి, నానబెట్టి, తరువాత రుబ్బి రొట్టెలు చేసికొందురు. గింజ సముద్రము దాటి యూరపునకు వచ్చినది. సున్నపునీటి ఆచారము రాలేదు. ఆ ఆచారము విలువ అప్పుడు ఎవరికిని తెలియలేదు.

పంతొమ్మిదవ శతాబ్దిలో ఇటలీ పండితుడు లొంబ్రోసో బూజుపట్టిన మొక్కజొన్నలోని విషమే కారణమని గట్టిగా వాదించినాడు. సూక్ష్మజీవుల యుగము వచ్చిన తరువాత, ఇంకను కంటబడని క్రిమి ఏదో ఉన్నదని మరికొందరు వెదకసాగిరి. కాసాలు చెప్పిన పాలు, జున్ను మాట మరుగున పడినది.

గోల్డ్‌బెర్గరు పరిశోధనలు

ఇరువదవ శతాబ్దారంభమున అమెరికా సంయుక్తరాష్ట్రముల దక్షిణభాగములో పెల్లగ్రా విజృంభించినది. పత్తిపొలముల కూలీలు, బట్టలమిల్లుల పనివారు, అనాథశరణాలయముల పిల్లలు, మానసిక రోగులు దీనికి ఎక్కువగా గురియైరి. శతాబ్దపు తొలిసగములో ఆ దేశమున సుమారు 30 లక్షలమందికి ఈ రోగము వచ్చినదనియు, లక్షమంది మరణించినారనియు అంచనా. 1914లో అక్కడి ప్రజారోగ్యశాఖ ఈ సమస్యను జోసెఫ్ గోల్డ్‌బెర్గరు అను వైద్యునికి అప్పగించినది.

ఆయన ప్రయోగశాలలో కూర్చుండక ముందుగా శరణాలయములను తిరిగి చూచినాడు. రోగులతోనే దినమంతయు గడపు నర్సులకు, పరిచారకులకు ఈ వ్యాధి రాకుండుట ఆయన కంటబడినది. అంటువ్యాధియైనచో ఇట్లు మనిషిని చూచి వదలిపెట్టదుగదా! ఇరువురికిని తేడా భోజనములోనే. మొక్కజొన్నపిండి, బెల్లపుపాకము, పందికొవ్వు రోగుల పాలు. పాలు, మాంసము, గ్రుడ్లు పరిచారకుల పాలు. మిసిసిపీ రాష్ట్రములోని రెండు అనాథాశ్రమములలో పిల్లలకు పాలు, గ్రుడ్లు, మాంసము, చిక్కుడుజాతి గింజలు పెట్టించగా వ్యాధి అక్కడినుండి తొలగిపోయినది.

ఆహారముచేత వ్యాధి పోయినదనుట ఒక నిదర్శనము. ఆహారముచేత వ్యాధిని తెప్పించగలిగినచో నిదర్శనము పూర్తియగును. 1915లో మిసిసిపీలోని ఒక జైలు పొలములో శిక్ష రద్దుచేయుదుమను హామీతో ఖైదీలు స్వచ్ఛందముగా ముందుకు వచ్చినారు. వారికి కొన్ని నెలలపాటు మొక్కజొన్న, పాలిషుబియ్యము, పాకము, చిలగడదుంప మొదలగు పేదల తిండి మాత్రమే పెట్టినారు. చివరివరకు ఉన్న 11 మందిలో 6గురికి పెల్లగ్రా మచ్చలు బయటపడినవి. ఖైదీలపై ఇట్టి ప్రయోగమును నేటి వైద్యనీతి అంగీకరింపదు.

అప్పటికిని క్రిమివాదులు ఒప్పుకొనలేదు. 1916లో గోల్డ్‌బెర్గరు, ఆయన సహచరులు రోగుల రక్తమును తమ శరీరములలోనికి ఎక్కించుకొన్నారు. రోగుల చర్మపుపొలుసులను, మలమును పిండితో కలిపి మ్రింగినారు. ఆయన భార్య మేరీ కూడ రోగి రక్తమును ఎక్కించుకొన్నది. ఒక్కరికిని పెల్లగ్రా రాలేదు.

గోల్డ్‌బెర్గరు చేసిన పనిలో అన్నిటికంటె విలువైనది బహుశః ఇంతగా ప్రసిద్ధికెక్కని మరియొకటి. ఆర్థికశాస్త్రజ్ఞుడైన ఎడ్గార్ సైడెన్‌స్ట్రికరుతో కలిసి ఆయన దక్షిణ కరోలినాలోని మిల్లుగ్రామములలో ఇంటింటికి పోయి, సంసారముల ఆదాయమును, తిండిని లెక్కకట్టినాడు. ఆదాయము తగ్గినకొలది వ్యాధి పెరిగినది. రోగికి కావలసినది పాలు, మాంసము. వానిని కొనుటకు కావలసినది కూలి. చర్మముమీది మచ్చకు మూలము ఇంటి పద్దులో ఉన్నదని లెక్కలతో చూపిన తొలి పరిశోధనలలో ఇది ఒకటి. ఆ మాట దక్షిణరాష్ట్రముల పెద్దలకు రుచించలేదు. గోల్డ్‌బెర్గరు 1929లో మరణించినాడు. వ్యాధిని మాన్పు పదార్థము పేరు ఆయనకు తెలియకుండగనే పోయినది.

నియాసిను గుట్టు

కుక్కలకు పెల్లగ్రావంటి వ్యాధి ఒకటి వచ్చును. దానికి నల్లనాలుక వ్యాధి యని పేరు. గోల్డ్‌బెర్గరు దీనిని పరిశోధనకు సాధనముగా వాడియుండెను. 1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో కాన్రాడ్ ఎల్వెజమ్ బృందము కాలేయమునుండి తీసిన నికోటినికామ్లముతో ఈ కుక్కల వ్యాధిని మాన్పినది. అచిరకాలములోనే మనుష్యులలోను అది పెల్లగ్రాను మాన్పినది. ఆ రోజులలో హార్వర్డులో కాలేయసారములోని పదార్థములను వేరుచేయుచున్న ఎల్లాప్రగడ సుబ్బారావు కూడ ఈ అన్వేషణలో పాల్గొన్నవాడే. భీమవరమున జన్మించిన ఆ శాస్త్రజ్ఞుని పేరు తెలుగువారికి క్రొత్త కాదు.

ఈ ఆమ్లమునకే నియాసిను అనియు, మూడవ బి విటమిను అనియు పేర్లు. పొగాకులోని నికోటినుతో పేరు కలిసినను గుణము కలియదు. ప్రజలు భ్రమపడకుండుటకే నియాసిను అను పేరు వ్యాప్తిలోనికి వచ్చినది.

1945లో మరియొక సంగతి తెలిసినది. మాంసకృత్తులలోని ట్రిప్టోఫాను అను అమైనో ఆమ్లమునుండి శరీరము స్వయముగా నియాసినును తయారుచేసికొనగలదు. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫానునుండి 1 మిల్లీగ్రాము నియాసిను వచ్చును. దీనితో పాత చిక్కులు విడినవి. పాలలో నియాసిను తక్కువైనను అవి పెల్లగ్రాను మాన్పుటకు కారణము వానిలోని ట్రిప్టోఫాను. మొక్కజొన్న మాంసకృత్తిలో ట్రిప్టోఫాను చాల తక్కువ. దానిలోని నియాసినైనను ఇతర పదార్థములతో పెనవేసికొనియుండి కడుపులో విడివడదు. సున్నపునీటిలో ఉడికించినచో విడివడును. మెక్సికో గృహిణి వేల ఏండ్లుగా చేయుచున్నది ఇదే.

ధాన్యమొక్కటియే చాలునా?

ఒక్క ధాన్యముతో మనిషి బ్రతుకగలడా యను ప్రశ్న అనంతపురము సీమకు క్రొత్తది కాదు. 1876-78 నాటి మహాక్షామములో ఈ పీఠభూమి మిక్కిలిగా నష్టపడినది. అప్పటికి ఇది బళ్లారి జిల్లాలోని భాగము. 1877లో భారతప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపులు కరువుపనుల కూలీకి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును కొలతగా నిర్ణయించినాడు. మద్రాసు రాజధాని ఆరోగ్యాధికారియైన డాక్టరు కార్నిషు దీనిని ఎదిరించినాడు. ఒకటిన్నర పౌను ధాన్యము కావలెననియు, దానితోపాటు పప్పు, కూరగాయలు ఉండవలెననియు ఆయన వాదించినాడు. తుదకు మద్రాసు ప్రభుత్వము ఒకటింబావు పౌను ధాన్యమునకు, ఒకటిన్నర ఔన్సు పప్పునకు ఒప్పుకొన్నది. విటమిను అను మాట ఇంకను పుట్టని కాలమది. ఆ క్షామములో జనులు చనిపోయినది పెల్లగ్రాతో కాదు. ఆకలితోను, దానివెంట వచ్చిన కలరా, జ్వరములతోను. అయినను గింజప్రక్కన పప్పు ఉండవలెనను కార్నిషు వాదమును తరువాతి శాస్త్రము అక్షరాల సమర్థించినది.

జొన్న చిక్కుముడి

1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరులో చిన్నగదిలో ప్రారంభించిన పోషకాహార పరిశోధన క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. 1969నుండి ఆ సంస్థయే జాతీయ పోషకాహార సంస్థ. హైదరాబాదు ఆసుపత్రులకు చుట్టుప్రక్కల మెట్టగ్రామములనుండి పెల్లగ్రా రోగులు వచ్చుట అక్కడి పరిశోధకులు గమనించినారు. వీరు మొక్కజొన్న తినువారు కారు, జొన్న తినువారు.

పాత సిద్ధాంతము ఇక్కడ తడబడినది. జొన్నలో ట్రిప్టోఫాను మొక్కజొన్నలోవలె మరీ తక్కువ కాదు. నియాసిను పాలిషుబియ్యములో కంటె ఎక్కువయే. అయినను బియ్యము తినువారికి రాని రోగము జొన్న తినువారికి వచ్చుచున్నది. ఎందువలన?

1960లో సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్య లాన్సెట్ పత్రికలో దీనికొక సమాధానమును ప్రతిపాదించినారు. జొన్నకును మొక్కజొన్నకును సామాన్యమైన లక్షణము ఒకటి కలదు: రెంటి మాంసకృత్తులలోను ల్యూసిను అను అమైనో ఆమ్లము మిక్కుటము. ఈ ల్యూసిను అధికమై, ట్రిప్టోఫానునుండి నియాసిను తయారగు మార్గమును చెడగొట్టుచున్నదని వారి ఊహ. ఈ దృష్టిలో పెల్లగ్రా కేవలము కొరతవలన వచ్చు జబ్బు కాదు. అమైనో ఆమ్లముల పొత్తు చెడుటవలన వచ్చునది. ఇది అంతవరకు ఎవరును అనుకొనని మార్గము.

తరువాత పదునైదేండ్లు హైదరాబాదు బృందము ఈ ఊహను పలువిధముల పరీక్షించినది. బేలవాడి మొదలగువారితో కలిసి చేసిన ప్రయోగములలో జొన్న ఆహారము పెట్టిన కుక్కలకు నల్లనాలుక వ్యాధి వచ్చినది. ఐసోల్యూసిను అను మరియొక అమైనో ఆమ్లము ల్యూసిను దుష్ఫలితమునకు విరుగుడుగా కనబడినది. 1971లో కమలా కృష్ణస్వామి, గోపాలన్ పెల్లగ్రా రోగులకు ఐసోల్యూసిను ఇచ్చి, వారి చర్మములోను, మెదడు విద్యుత్తరంగములలోను మెరుగుదలను ప్రకటించినారు. ట్రిప్టోఫానునుండి నియాసిను తయారగుటకు ఆరవ బి విటమిను అవసరము. ఆ విటమిను కూడ ల్యూసిను ప్రభావమును అణచునని 1976లో చూపినారు.

ఈ సిద్ధాంతమును ప్రపంచమంతయు ఒప్పుకొన్నదని చెప్పరాదు. ఇంగ్లండులోను, అమెరికాలోను ఎలుకలపైన, మనుష్యులపైన జరిపిన కొన్ని ప్రయోగములలో ల్యూసిను ప్రభావము కనబడలేదు. ఉడికించిన జొన్నలోని నియాసిను కూడ చాలవరకు విడివడని రూపములోనే ఉన్నదని తరువాతి విశ్లేషణలు సూచించినవి. ల్యూసిను వంతు ఎంత అనునది నేటికిని వాదములో ఉన్న విషయమే. కాని రెండు పక్షములును ఒప్పుకొను సంగతి ఒకటి కలదు: జొన్న ఒక్కటియే తిని, దాని ప్రక్కన పప్పు, పాలు, గ్రుడ్డు, మాంసము ఏమియు లేనివానికే ఈ రోగము వచ్చును. జొన్నతో పప్పును, మజ్జిగను తిను సంసారమునకు రాదు.

చికిత్స సులభమే. నియాసినునకు మరియొక రూపమైన నికోటినమైడును దినమునకు 300 మిల్లీగ్రాముల చొప్పున, మూడు నాలుగు వారములు ఇయ్యవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. నాలుకపూత, విరేచనములు కొద్దిదినములలోనే తగ్గును; చర్మము బాగుపడుటకు వారములు పట్టును.

చర్మమునకే ఈ శిక్ష ఎందుకు?

నియాసినునుండి శరీరము ఎన్.ఎ.డి. అను సహాయక పదార్థమును తయారుచేసికొనును. ప్రతి జీవకణములోను ఆహారమునుండి శక్తిని తీయుటకు ఇది కావలెను. పేగులోపలి పొర, చర్మము ఎడతెగక క్రొత్తకణములను పుట్టించు తావులు. మెదడు శక్తిని విశేషముగా వెచ్చించు అవయవము. కొరత వచ్చినప్పుడు ఈ మూడును ముందుగా దెబ్బతినుట సహజము.

ఎండ విషయము ఇంకను సూక్ష్మమైనది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు చర్మకణములలోని డి.ఎన్.ఎ. పోగును తెగగొట్టును. తెగినదానిని అతుకు ఎంజైములలో ఒకటి ఎన్.ఎ.డి.ని విరివిగా ఖర్చుచేయును. నిలువ తక్కువైన కణము అతుకుపని ముగింపలేక నశించును. అందుచేత ఎండ అందరిమీదను సమానముగా పడినను, పేదతిండి తినువాని చర్మమే కాలును. 2013లో జపాను పరిశోధకులు నియాసిను కొరవడిన ఎలుకలలో అతినీలలోహిత కిరణములు తీవ్రమైన వాపును కలిగించునని, ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అను వాపుకారక పదార్థము దానికి ముఖ్యకారణమని చూపినారు. కాసాలు చూచిన గులాబిరంగు వెనుకనున్న రసాయనము ఇప్పుడిప్పుడే తేటపడుచున్నది.

ఇదే మార్గములో 2015లో ఆస్ట్రేలియానుండి మరియొక ఫలితము వెలువడినది. అంతకుముందు చర్మపు క్యాన్సరు వచ్చి తగ్గిన 386 మందిపై జరిపిన పరీక్షలో, దినమునకు రెండుసార్లు 500 మిల్లీగ్రాముల నికోటినమైడు తీసికొన్నవారికి ఏడాదిలో క్రొత్తగా వచ్చిన మెలనోమాయేతర చర్మక్యాన్సర్లు 23 శాతము తగ్గినవి. మాత్రలు ఆపిన తరువాత ఆ మేలు నిలువలేదు. ఈ పరీక్ష తెల్లని చర్మముగల, క్యాన్సరు ముప్పు ఎక్కువగా ఉన్నవారిపై జరిగినది. కనుక దీనిని చూచి ఎల్లరును మాత్రలు మ్రింగవలెనని తలపరాదు.

నేడు పెల్లగ్రా ఎక్కడ?

తెలుగుదేశమున పెల్లగ్రా ఇప్పుడు అరుదైనది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండురూపాయల బియ్యము వచ్చిన తరువాత జొన్న, రాగి తిండి బాగుగా తగ్గినది. ఆహారములో వైవిధ్యమును కొంత పెరిగినది. నేడు చర్మవైద్యుని వద్దకు వచ్చు పెల్లగ్రా రోగి తరచుగా తిండి మాని మద్యమునకు దాసుడైనవాడు, లేక క్షయకు ఐసోనియజిడు మందు దీర్ఘకాలము వాడుచు సరియైన ఆహారము లేనివాడు. ఆ మందు ఆరవ బి విటమినును హరించుటచేత నియాసిను తయారీ కుంటుపడును. ఎండ తగుల్చోట రెండుచేతులకు సమానముగా మచ్చలు వచ్చి మంటపుట్టినచో, దానిని మామూలు గజ్జి, తామర యని తలచి పూతమందులతో కాలము గడపక వైద్యునికి చూపుకొనవలెను.

ఇతర దేశములలో కథ ముగియలేదు. 1990 ప్రాంతమున మొజాంబిక్ యుద్ధమునుండి పారిపోయి మలావీ దేశములో తలదాచుకొన్న శరణార్థులలో 18 వేలమందికి పైగా పెల్లగ్రా వచ్చినది. వారికి పంచుచున్న ధాన్యము మొక్కజొన్న. దానితోపాటు ఇచ్చుచుండిన ఒక వస్తువు సరఫరా కొన్నినెలలు ఆగిపోయినది. ఆ రేషనులో నియాసినునకు ఆధారము దాదాపుగా అదియొక్కటే. ఆ వస్తువు వేరుసెనగ.

ఈ చివరిమాట నల్లమాడకు మిక్కిలి దగ్గరి మాట. వేరుసెనగ, అనగా ఇక్కడివారి చెనిక్కాయ, పెల్లగ్రాకు చక్కని విరుగుడు. 100 గ్రాముల పప్పులో నియాసిను సుమారు 12 మిల్లీగ్రాములు ఉన్నది. ఒక మనిషికి దినమునకు కావలసినది దాదాపుగా ఇంతే. దానిలోని మాంసకృత్తులనుండి వచ్చు ట్రిప్టోఫాను అదనము. మొక్కజొన్నవలెనే ఇదియు అమెరికాఖండమునుండి వచ్చిన పంట. ఒకటి రోగముతో వచ్చినది, మరియొకటి మందుతో వచ్చినది.

రాగిసంకటిలో నంజుకొను చెనిక్కాయల ఊరుబిండిని, జొన్నరొట్టెలోనికి పప్పును, ఉలవచారును ఈ సీమ వంటిండ్లు ఏ ప్రయోగశాలను అడుగక అలవాటు చేసికొన్నవి. ఇవి రుచికొరకు వచ్చినవే కావచ్చును; చేసిన పని మాత్రము మెక్సికో గృహిణి సున్నపునీటి పనివంటిదే. ప్రమాదము ఈ జత విడిపోవునప్పుడు వచ్చును. పండిన చెనిక్కాయ అంతయు అప్పుకు, విత్తనమునకు, నూనెమిల్లుకు పోయి, ఇంటిలో గింజ ఒక్కటియే మిగిలిన ఏడు, పేదవాని చర్మమునకు కావలుండునది తరిగిపోవును.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. కరువునేలకు తగిన ఈ పంటలు తిరిగివచ్చుట మంచిదే. నీరు తక్కువ కోరును, పీచు, ఖనిజములు ఎక్కువగా ఇచ్చును. పెల్లగ్రా చరిత్రను చదివి జొన్నను చూచి భయపడనక్కరలేదు. జొన్న దోషి కాదు. ఒంటరి జొన్న దోషి. జొన్న తినుడని చెప్పువారు దానితో ఏమి తినవలెనో కూడ చెప్పవలెను. రేషనుదుకాణములో, అంగన్‌వాడీలో, మధ్యాహ్నభోజనములో చిరుధాన్యము వచ్చినచోట పప్పో, గ్రుడ్డో, పిడికెడు చెనిక్కాయలో వెంట ఉండవలెను. 1877లో కరువుకూలికొరకు కార్నిషు అడిగినది ఇదే. మిల్లుగ్రామముల పద్దులలో గోల్డ్‌బెర్గరు చూచినది ఇదే. హైదరాబాదు పరిశోధకులు జొన్నగింజలో వెదకినదియు దీని కారణమునే.